పాతదా.. కొత్తదా? వాదించడం తెలిస్తే అదే ఓ కొలువు

టీ అంగడి దగ్గర ఊసుపోక మొదలయ్యే బండి పంచాయితీయే డిజైన్ స్టూడియోల్లో, టెస్ట్ ట్రాకుల మీద జీతమిచ్చి చేయించుకునే పని. కొత్త మోడల్ వచ్చింది సరే, అది పాతదానికన్నా నిజంగా మేలేనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం ఎలాగో మన ప్రాంతం మనసు పడ్డ స్కార్పియోను ఎదురుగా పెట్టుకుని చూద్దాం.

ప్రొద్దుటూరులో సాయంత్రం పూట ఏ టీ అంగడి దగ్గరైనా ఈ దృశ్యం కనిపిస్తుంది. తళతళలాడే స్కార్పియో-ఎన్ ఒకటి వచ్చి ఆగుతుంది. దాని వెనకే పదేళ్లు తిరిగిన పాత స్కార్పియో. ఇంక చూస్కోండి.

''పాతదాని దర్పం దీనికి యాడుండాది బ్బా? అది వస్తాంటే దావ దానంతట అదే ఖాళీ అవుతాది.''

''నువ్ కొత్తదాన్ని ఒకసారన్నా తోలినావా? తోలి మాట్లాడు. కడప దాకా పొయ్యొచ్చినా నడుము నొయ్యదు.''

''మా మామ పాతది అమ్మి కొత్తది తెచ్చుకున్యాడు. ఇంటికాడ సందులో దూర్తాలేదు. ఏం సుఖం?''

అరగంట గడుస్తుంది. టీ చల్లారుతుంది. ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు. గొంతు పెద్దదైనవాడు గెలిచినట్టు కనిపిస్తాడు, అంతే. ఇళ్లలో పెద్దలకైతే ఇదంతా పనికిమాలిన ముచ్చట. 'ఆ నోరు పుస్తకం ముందు పెట్టుకుని తెరువు' అంటారు.

కానీ ఒక్క నిమిషం. ఆ ముగ్గురు అన్నవాటిలో మూడు అసలైన ప్రశ్నలున్నాయి. మొదటివాడిది రూపం గురించి. రెండోవాడిది ప్రయాణ సుఖం గురించి. మూడోవాడిది కొలతల గురించి. కార్ల కంపెనీల్లో ఈ మూడింటికీ మూడు వేర్వేరు విభాగాలున్నాయి. ఒక్కోదాంట్లో వందల మంది ఇంజినీర్లు, డిజైనర్లు పనిచేస్తారు. తేడా ఒక్కటే. వాళ్లు 'నాకు నచ్చింది' అని ఊరుకోరు, 'ఎవరికి, ఏ పనికి, ఏ కొలత ప్రకారం' అని అడుగుతారు. ఆ అలవాటు ఇప్పటినుంచే చేసుకుంటే డిజైన్ కోర్సు ఇంటర్వ్యూలోనో, కంపెనీ గ్రూప్ డిస్కషన్‌లోనో మీ మాటకు బరువు వస్తుంది.

పోర్షే, ఫెరారీ లాంటి స్పోర్ట్స్ కార్ల గురించి కదా ఇలాంటి చర్చ జరగాలి అనిపించవచ్చు. అవి మన రోడ్ల మీద తిరిగేవి కావు. కుర్రాళ్ల మనసులో ఆ కార్లకుండే స్థానం మన దగ్గర స్కార్పియోది. పైగా పాతదీ కొత్తదీ రెండూ ఒకే షోరూంలో పక్కపక్కన దొరికే అరుదైన బండి ఇది. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

'పాతది' అంటే ఏ పాతది?

వాదనకు దిగే ముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇది. మహీంద్రా సంస్థ మొదటి స్కార్పియోను 2002 జూన్‌లో విడుదల చేసింది. అప్పటిదాకా జీపులు, ట్రాక్టర్లకు పేరుబడ్డ కంపెనీ అది. 600 కోట్ల రూపాయల లోపు ఖర్చుతో సొంతంగా ఓ ఆధునిక బండిని తయారుచేయడం అప్పట్లో పెద్ద సాహసం. ఆ మొదటి బండిలో ఉన్నది 2.6 లీటర్ల డీజిల్ ఇంజిన్, దాని శక్తి 109 పీఎస్. తర్వాత 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజిన్ వచ్చింది. 2014లో కింది ఛాసిసే మారింది. 2017లో మళ్లీ మెరుగులు దిద్దారు. 2020లో బీఎస్-6 నిబంధనలకు తగ్గట్టు మార్చారు.

2022 జూన్ 27న పూర్తిగా కొత్త డిజైన్‌తో స్కార్పియో-ఎన్ వచ్చింది. పాతదాన్ని మాత్రం ఆపేయలేదు. అదే ఏడాది ఆగస్టులో దానికి 'స్కార్పియో క్లాసిక్' అని పేరు పెట్టి మళ్లీ అమ్మకానికి పెట్టారు. అందులోనూ ఇంజిన్ మార్చారు. మొత్తం అల్యూమినియంతో చేసిన ఆ కొత్త ఇంజిన్ మునుపటిదానికన్నా 55 కిలోలు తేలికనీ, ఇంధనం 14 శాతం ఆదా అవుతుందనీ కంపెనీ ప్రకటించింది. శక్తి మాత్రం 132 పీఎస్‌కు, టార్క్ 300 న్యూటన్ మీటర్లకు, అంటే మునుపటికన్నా కాస్త తగ్గాయి.

అర్థమైంది కదా? 'పాత స్కార్పియోనే మేలు' అనేవాడి మనసులో ఉన్నది 2006 నాటి బండి కావచ్చు, 2014 నాటిది కావచ్చు. అంగట్లో కొనగలిగే 'పాతది' మాత్రం 2022లో మారిన బండి. ఏ ఏడాది, ఏ రకం అని ముందు తేల్చకపోతే, వాదన బండి గురించి కాదు, జ్ఞాపకం గురించి జరుగుతుంది.

టేపు పట్టుకుని చూద్దాం

రెండోది కొలతలు. క్లాసిక్ పొడవు 4456 మిల్లీమీటర్లు, ఎన్ పొడవు 4662. క్లాసిక్ వెడల్పు 1820, ఎన్ వెడల్పు 1917. ఎత్తు మాత్రం తలకిందులు. క్లాసిక్ 1995, ఎన్ 1857. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం క్లాసిక్‌లో 2680, ఎన్‌లో 2750.

ఈ అంకెలు చదివి వదిలేస్తే బట్టీ చదువే. వాటిని మన ఊళ్లలో నిలబెట్టి చూడాలి. ఎన్ దాదాపు నాలుగు అంగుళాలు వెడల్పు ఎక్కువ. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధుల్లో, రెండు వైపులా స్కూటర్లు నిలిపిన సందులో నాలుగంగుళాలంటే అద్దం గీసుకుపోవడానికీ, గీసుకోకపోవడానికీ ఉన్న తేడా. టీ అంగడి దగ్గర 'సందులో దూర్తాలేదు' అన్నవాడు ఉత్తపుణ్యానికి అనలేదు. వాడి దగ్గర ఉన్నది ఫిర్యాదు కాదు, కొలత. 97 మిల్లీమీటర్లు.

అదే బండిని జమ్మలమడుగు నుంచి గండికోట వైపు తోలండి. ఖాళీ రోడ్డు, మలుపులు, పక్కనుంచి కొట్టే గాలి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వెడల్పు పెరిగి, ఎత్తు 138 మిల్లీమీటర్లు తగ్గితే బండి నేలను గట్టిగా పట్టుకుంటుంది, మలుపులో తక్కువ ఊగుతుంది. నెత్తిన బిందె పెట్టుకున్న మనిషికీ, చంకన పెట్టుకున్న మనిషికీ నడకలో ఉండే తేడాయే ఇది. పాత స్కార్పియో మలుపుల్లో ఒరిగినట్టు అనిపిస్తుందని తోలేవాళ్లు చెప్పేది దీని గురించే.

ఎన్ వెనక ఇరుసుకు వాట్స్ లింకేజ్ అనే ఏర్పాటు ఉంది. ఇరుసు పైకీ కిందికీ కదలాలి, పక్కకు మాత్రం జరగకూడదు. దాన్ని సాధించే కడ్డీల అమరిక ఇది. పేరులోని వాట్ ఎవరో కాదు, ఆవిరి యంత్రం జేమ్స్ వాటే. 1784లో ఆయన యంత్రంలోని కడ్డీని దాదాపు నిలువు గీతలో కదిలించడానికి ఆలోచించిన అమరికే ఈనాటి బండి కింద ఉంది. మెకానికల్ డిప్లొమా, బీటెక్ పిల్లలు 'థియరీ ఆఫ్ మెషీన్స్'లో పరీక్ష కోసం గీసే బొమ్మ అది. ఈసారి సర్వీసింగ్ సెంటర్లో ఎన్‌ను లిఫ్ట్ మీదికి ఎత్తినప్పుడు కిందకు తొంగిచూడండి. పుస్తకంలోని బొమ్మ ఉక్కుతో చేసి కనిపిస్తుంది.

ఇప్పుడు పులివెందులకు పోదాం. చీనీ తోటలు, అరటి తోటలున్న రైతుకు బండితో పని వేరు. పొద్దున తోటకు, మధ్యాహ్నం మండీకి, సాయంత్రం పెళ్లికి. ఇంటిల్లిపాదీ ఎక్కాలి, ఇద్దరు కూలీలనూ ఎక్కించుకోవాలి. క్లాసిక్ కొన్ని రకాల్లో వెనక ఎదురెదురుగా బల్లల్లాంటి సీట్లుంటాయి. తొమ్మిది మంది పట్టే రకమూ ఉంది. మనుషులు లేనప్పుడు అక్కడ బస్తాలో, పండ్ల పెట్టెలో పెట్టుకోవచ్చు. ఎన్‌లో మూడో వరస ముఖం ముందుకే. కాళ్లకు చోటు తక్కువ. ఆ సీటు వాడుకుంటే సామానుకు చోటు దాదాపు మిగలదు.

మరోవైపు, వాన పడ్డాక బురదయ్యే తోట దారికి నాలుగు చక్రాలూ తిరిగే ఏర్పాటు కావాలంటే అది దొరికేది ఎన్‌లోనే. క్లాసిక్‌కు ఆ సదుపాయం లేదు. అంటే ఒకే రైతుకు ఒకే రోజులో రెండు బండ్లూ చెరో పూట మేలుగా కనిపిస్తాయి. 'ఎవరికి?' అన్న ప్రశ్నే కాదు, 'ఎప్పుడు?' అన్నదీ అడగాలన్నమాట.

అంకెలు చెప్పే అబద్ధం

'కొత్తదాని పవర్ 175, పాతదానిది 132. ఇంకేం మాట్లాడాల్సింది ఉంది?' అనేవాళ్లుంటారు. 175 పీఎస్ అన్నది ఎన్ డీజిల్‌లో పై రకాల సంగతి. విడుదలైనప్పుడు ఎన్ డీజిల్ కింది రకాల శక్తి కూడా 132 పీఎస్సే, టార్క్ 300 న్యూటన్ మీటర్లే. అంటే అచ్చంగా క్లాసిక్‌లో ఉన్నంతే. రెండు బండ్ల మొదటి ధరా విడుదల నాడు ఒకటే. షోరూం ధర 11.99 లక్షల రూపాయలు. ఎన్‌లో ఆ ధరకు వచ్చింది పెట్రోల్ రకం, క్లాసిక్‌లో డీజిల్ రకం. పై రకాల ఎన్ ధర 20 లక్షలు దాటుతుంది.

కొత్తదాని పైరకాన్ని తెచ్చి పాతదాని కిందిరకంతో పోటీ పెడితే అది పోలిక కాదు, కోడిపందెంలో పుంజును పిల్ల మీదికి వదలడం. సమానమైన డబ్బుకు ఏది ఏమిస్తుంది? సమానమైన పనికి ఏది ఎంత ఖర్చు పెట్టిస్తుంది? పోలిక ఇలా మొదలవ్వాలి. కంపెనీల్లో దీన్ని బెంచ్‌మార్కింగ్ అంటారు. ప్రత్యర్థి బండిని కొని తెచ్చి, నట్టు నట్టూ విప్పి, ఒక్కో భాగం బరువూ ఖర్చూ లెక్కగట్టే ఉద్యోగాలు ఈ విభాగంలోనే ఉంటాయి.

ఒకే బండికి 5 స్టార్లు, సున్నా

ఇక అసలు విషయం. వాదనలో నవ్వులాట ఆగిపోవాల్సిన చోటు.

2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ అప్పటి స్కార్పియోను గోడకు గుద్దించి పరీక్షించింది. పరీక్షించింది ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని. పెద్దల రక్షణకు వచ్చింది సున్నా స్టార్లు. 2022 డిసెంబరులో అదే సంస్థ మరింత కఠినం చేసిన నిబంధనలతో స్కార్పియో-ఎన్‌ను పరీక్షించింది. పెద్దల రక్షణకు 5 స్టార్లు వచ్చాయి. పిల్లల రక్షణకు 3.

కొత్తది గెలిచేసిందని లేచి నిలబడకండి. నిజాయతీగా వాదించాలంటే ఇక్కడ మూడు మాటలు చేర్చాలి. ఒకటి, ఇప్పటి క్లాసిక్‌లో ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. 2016 నాటి సున్నాను నేరుగా దీని నుదుటిన రాయకూడదు. రెండు, వచ్చిన కొత్తలో ఎన్ కింది రకాల్లో ఉన్నవీ రెండు ఎయిర్‌బ్యాగులే. ఆరు ఉన్నది పై రకాల్లో. మూడోది మరీ ఆసక్తికరం. ఇదే స్కార్పియో-ఎన్‌ను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల పరీక్షా సంస్థ ఆన్‌క్యాప్ 2023లో పరీక్షించింది. దానికి ఇచ్చింది సున్నా స్టార్లు!

ఒకే బండికి ఒకచోట 5, ఇంకోచోట సున్నా ఎలా? ప్రశ్నాపత్రం వేరు కాబట్టి. గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రధానంగా గుద్దుకున్నాక లోపలివాళ్లకు ఏమవుతుందో చూస్తుంది. ఆన్‌క్యాప్ దాంతోపాటు అసలు గుద్దుకోకుండా బండి తనంతట తానే బ్రేక్ వేస్తుందా, గీత దాటుతుంటే హెచ్చరిస్తుందా, రోడ్డు మీద నడిచేవాళ్లను కాపాడుతుందా అనీ చూస్తుంది. ఆనాడు పరీక్షకు నిలిచిన బండిలో అలాంటి సహాయక వ్యవస్థలు లేవు. 'ఏ పరీక్షలో?' అని అడగకుండా స్టార్లు లెక్కపెట్టేవాడు, ఏ పరీక్ష అని చెప్పకుండా 'నాకు ఫస్ట్ క్లాస్' అనే పిల్లోడి లాంటివాడు.

ఇన్ని షరతులు చెప్పుకున్నాక కూడా ఒక మాట గట్టిగానే చెప్పాలి. వెనక ఎదురెదురు బల్లల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరగడం మనకు అలవాటు. ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు అడ్డంగా కూర్చున్న శరీరాన్ని పట్టి ఆపేది చాలా తక్కువ. ముఖం ముందుకున్న సీటు, భుజం మీదుగా వచ్చే బెల్టు ఉన్నచోటే పిల్లాడు కాస్త భద్రం. ముద్దనూరు దారిలోనో, కడప హైవే మీదో రాత్రిపూట లారీల మధ్య ప్రయాణం చేసే కుటుంబానికి ఇది రుచుల గొడవ కాదు. దర్పం, సౌకర్యం, ధర.. ఇవన్నీ మనిషిని బట్టి మారతాయి. ప్రాణం విలువ మారదు. ఏ పోలికలోనైనా దీన్ని మిగతా అంశాలతో పాటు ఒక మార్కుగా కలపకూడదు, విడిగా చూడాలి.

ముఖం మారిస్తే ఎందుకంత కోపం?

'దర్పం లేదు' అన్నవాడి మాటను కొట్టిపారేద్దామా? వద్దు. ప్రపంచంలో అతి పేరున్న స్పోర్ట్స్ కారు చరిత్రలోనే ఈ గొడవ జరిగింది.

పోర్షే 911 మొదటిసారి 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనిపించింది. ఇంజిన్ వెనక, దాన్ని చల్లబరిచేది గాలి, ముందు రెండు గుండ్రటి దీపాలు. మూడు దశాబ్దాలకు పైగా ఈ మూడూ మారలేదు. 1997లో వచ్చిన కొత్త తరం 911లో రెండు పెద్ద మార్పులు చేశారు. ఇంజిన్‌ను నీటితో చల్లబరచడం మొదలైంది. ముందు దీపాలు గుండ్రం పోయి, వంకర అంచుతో, ఇండికేటర్‌తో కలిసిపోయిన ఆకారంలోకి మారాయి. తన చౌక కారైన బాక్‌స్టర్‌తో ముందు భాగాలు పంచుకోవడం పోర్షేకు ఖర్చు తగ్గించే దారి.

అభిమానులు భగ్గుమన్నారు. దీపాలను 'వేయించిన గుడ్డు' అని ఎగతాళి చేశారు. కానీ కాలుష్యం, శబ్దం నిబంధనలు కఠినమవుతున్న కాలంలో గాలితో చల్లబరిచే ఇంజిన్‌కు భవిష్యత్తు లేదు. ఇంజినీర్ల నిర్ణయం సరైనదే. తర్వాతి తరాలన్నీ నీటి బాటలోనే నడిచాయి. దీపాల నిర్ణయం మాత్రం నిలవలేదు. 2004లో వచ్చిన తర్వాతి మోడల్‌లో గుండ్రటి దీపాలు తిరిగొచ్చాయి.

అంటే ఆ కారు పాతదానికన్నా మెరుగైందా, దిగజారిందా? రెండూ! బానెట్ కింద మెరుగైంది, ముఖంలో ఓడింది. 'మొత్తం మీద ఏది మేలు' అని ఒక్క ముక్కలో తేల్చేయాలనే తొందరే చాలా వాదనల్ని చెడగొడుతుంది. ఏ మార్పు ఎందుకు చేశారు? అది తప్పనిసరా, ఇష్టపూర్వకమా? ఇలా ఒక్కో మార్పునూ విడదీసి తూచాలి. కొత్తగా ఏం చేర్చాలో చెప్పడం సులువు. దేన్ని ముట్టుకోకూడదో తెలిసినవాడే డిజైనర్.

ఈ కోణంలో స్కార్పియో-ఎన్‌ను మళ్లీ చూడండి. దాదాపు ప్రతి భాగం కొత్తదే. అయినా నిటారు ముక్కు, ఎత్తు సీటు, వెనకవైపు నిలువు దీపాలు వదల్లేదు. పక్క కిటికీల కింద సాగే వెండి గీత చివర తేలు కొండిలా పైకి లేస్తుంది. పేరును గుర్తుచేయడానికే ఆ గీత. జనం ఒప్పుకున్నారా? 2022 జూలై 30న బుకింగులు తెరిచిన అరగంటలోపే లక్ష దాటాయి. ఒప్పుకోనివాళ్ల కోసం క్లాసిక్ అలాగే ఉంది.

గతాన్ని పూర్తిగా చెరిపేస్తే ఏమవుతుందో బజాజ్ పల్సర్ 220ఎఫ్ చెబుతుంది. మీలో చాలామంది అన్నలు కాలేజీ రోజుల్లో తోలిన బండే అది. 2021 అక్టోబరులో కంపెనీ కొత్త ఎఫ్250ని తెచ్చింది. పెద్ద ఇంజిన్, కొత్త ఛాసిస్, ఎల్‌ఈడీ దీపం. కాగితం మీద అన్నిట్లోనూ పైచేయి. 2022లో 220ఎఫ్‌ను ఆపేశారు. అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. 2023లో ఆ పాత బండినే తిరిగి తేవాల్సి వచ్చింది. కాగితం మీద గెలిచినదల్లా రోడ్డు మీద గెలవదు.

మరి తీర్పు?

ఇంత చెప్పి తీర్పు దాటేస్తే తప్పించుకున్నట్టే. కాబట్టి చెప్పేద్దాం. బండిగా చూస్తే స్కార్పియో-ఎన్ దాని ముందుతరం కన్నా మెరుగైనదే. నేలను పట్టుకునే తీరులో, గుద్దుకున్నప్పుడు పెద్దల్ని కాపాడే తీరులో ఆ తేడా కొలవగలిగేది. ఇరుకు సందు, ఎక్కువమంది, సామాను, సులువైన రిపేరు అన్న లెక్కలో క్లాసిక్‌కు ఇంకా చోటుంది. కానీ పిల్లలతో హైవే ఎక్కే కుటుంబం నన్నడిగితే, ముఖం ముందుకున్న సీట్లున్న బండే కొనమంటాను, అది ఏ పేరుతో ఉన్నా సరే. ఈ తీర్పుతో మీరు విభేదించవచ్చు. అయితే ఈసారి గొంతుతో కాదు, కొలతతో విభేదించండి.

ఈ వాదనకు జీతమిచ్చేదెవరు?

స్కార్పియో-ఎన్ రూపం గీసింది ముంబయిలోని మహీంద్రా డిజైన్ స్టూడియోలో. ఇంజినీరింగ్ జరిగింది చెన్నై దగ్గరి మహీంద్రా రీసెర్చ్ వ్యాలీలో. ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో రైలెక్కితే చేరగలిగే ఊరే చెన్నై. ఇంకా దగ్గరగా, కదిరి మీదుగా పోతే పెనుకొండ వద్ద ఎర్రమంచిలో కియా కర్మాగారం ఉంది. 2019లో సెల్టోస్ కారుతో మొదలైన ఆ కర్మాగారంలో ఒక మోడల్ కొత్త రూపంలోకి మారిన ప్రతిసారీ లైను మీద అచ్చులు, పనిముట్లు, తనిఖీ పద్ధతులు మారతాయి. ఆ మార్పు చేసేవాళ్లంతా ఉద్యోగులే.

గీసే చేయి ఉంటే: ఇంటర్ ఏ గ్రూపు వాళ్లయినా యూసీడ్ రాయొచ్చు. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్షతో ఐఐటీ హైదరాబాద్ సహా పలు సంస్థల్లో బీడిజైన్ సీటు వస్తుంది. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది. ఎన్‌ఐడీ సొంత ప్రవేశ పరీక్ష ద్వారా ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలోనూ చేరవచ్చు. బీటెక్ అయ్యాక ఇటు రావాలనుకుంటే సీడ్ ద్వారా ఎండిజైన్. వాహనాల డిజైన్‌కే ప్రత్యేకించిన పీజీ కోర్సు అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి చెందిన గాంధీనగర్ క్యాంపస్‌లో ఉంది.

లెక్క మీద మక్కువ ఉంటే: మెకానికల్ ఇంజినీరింగ్‌కు దూరం పోనక్కర్లేదు. పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. డిగ్రీ ఒక్కటే చాలదు. బాహా ఎస్‌ఏఈ ఇండియా, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా లాంటి పోటీలకు మీ కాలేజీ జట్టు బండి తయారుచేస్తుంటే చేరండి. లేకపోతే మీరే మొదలుపెట్టండి. అక్కడ మార్కులు వేగానికే కాదు. ఈ భాగం ఇలాగే ఎందుకు చేశారు, ఖర్చెంత అని న్యాయనిర్ణేతలు నిలదీస్తారు. టీ అంగడి వాదనకు అది పెద్దన్న.

చేతిపని తెలిస్తే: పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్, మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడ్ ఉన్నాయి. పాలిసెట్ రాసి డిప్లొమా, ఆపై ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఏ భాగం ఎన్ని వేల కిలోమీటర్లకు అరుగుతుందో మెకానిక్‌కు తెలిసినంతగా గీసినవాడికి తెలియదు. ఆ జ్ఞానాన్ని రాసిపెట్టుకోగలిగిన మెకానిక్‌కు టెస్టింగ్, సర్వీస్ ఇంజినీరింగ్ విభాగాల్లో విలువ ఉంటుంది.

ఈ ఆదివారం ఒక పని

ఓ నోటు పుస్తకం, ఓ టేపు చాలు. మీ వీధిలో ఒకే పేరుతో పాతదీ కొత్తదీ ఉన్న రెండు బండ్లు చూడండి. స్కార్పియోయే కానక్కర్లేదు. స్ప్లెండర్ అయినా, ట్రాక్టర్ అయినా సరే. యజమానిని 'అన్నా, కాసేపు చూస్తా' అని అడిగితే ఎవరూ కాదనరు. సంతోషంగా తాళం చెవి కూడా ఇస్తారు. ఏవేం మారాయో పది రాయండి. ఒక్కోదాని పక్కన మూడు గళ్లు గీయండి. ఎందుకు మార్చారు? దీనివల్ల ఎవరికి మేలు? ఎవరికి నష్టం? తర్వాత ఆ బండి రోజూ తోలేవాళ్లను అడిగి మీ రాతల్ని సరిచూసుకోండి. మీరు మేలనుకున్న రెండైనా వాళ్లకు ఇబ్బందిగా తేలతాయి. అసలు పాఠం ఆ రెండింటిలోనే ఉంటుంది.

డిజైన్ కోర్సుల్లో చేరాలనుకునేవాళ్లు ఇలాంటి పేజీలు పది పోగుచేసి పెట్టుకుంటే, ఇంటర్వ్యూలో 'నువ్వేం చేశావు?' అన్న ప్రశ్నకు తడుముకోనక్కర్లేదు. చేరాలనుకోనివాళ్లకూ నష్టం లేదు. ఇంట్లో బండి కొనే రోజు నాన్న సేల్స్‌మన్ వైపు కాకుండా మీ వైపు తిరిగి, 'నువ్వేమంటావు రా?' అని అడుగుతాడు.